ఆరు వోల్టులు

రేణిగుంట రోడ్డులో, రైలు గేటు దాటినాక
మోటార్లు చుట్టే అంగడి నాది.
రాగి తీగె, వార్నీషు వాసన, కాలిన కాయిళ్లు.
నాకు తెలిసిన కరెంటు ఒకటే:
మూడు ఫేజులు, నాలుగువందల నలభై,
తొట్టంబేడు దగ్గర తడిసిన స్టార్టరు కాడ
మా నాయన్ని ఒక్క విసురుతో పడేసిన కరెంటు.
అప్పట్నుంచి ఏ పెట్టెనైనా
వేళ్ల వెనకతట్టుతోనే మొదట తాకి చూస్తా.

అట్లాంటోడి కాడికి
యూనివర్సిటీ పిల్ల వచ్చింది, నవనీత,
గళ్ల కాయితం మీద పెన్సిల్ బొమ్మతో.
"అన్నా, ఇనప చువ్వలతో గుమ్మటం మాదిరి కావల.
సముద్రంలో దించాల."
"ఆరు నెల్లకి తుప్పు పడుతుంది గదమ్మా."
"కరెంటు పారినన్నాళ్లు పట్టదన్నా."
"ఎంత కరెంటు?"
"ఆరు వోల్టులు."
నవ్వినా. జిలానీ కూడా నవ్వినాడు,
ఆరు వోల్టులకి ఈగ గూడా చావదని.
"చంపడానికి కాదులే," అనింది.

పగడమంటే నాకు తెలిసింది
నా పెండ్లాం వేలికున్న ఎర్ర గింజ,
కుజుడి కోసం తూకమేసి కొన్నది.
అది ప్రాణమని, ఊరికి ఊరని,
నీళ్లు కాగితే రంగు వదిలేసి
తెల్లగా, తిండి లేక, నిలబడే చస్తుందని
ఆ పిల్ల చెప్తా ఉంటే
చేతిలో తీగె చుట్టడం మర్చిపోయి విన్నా.

తూపిలిపాలెం నుంచి డ్రమ్ముల్లో నీళ్లొచ్చినాయి.
అంగడి వెనక పాత సింటెక్సు తొట్టిలో పోసి
మైనస్ తీగె ఇనుముకి,
ప్లస్ తీగె ఆమె సంచిలోంచి తీసిన బూడిదరంగు జాలీకి.
చువ్వల మీద చీమతలంత బుడగలు.
అంతే. చప్పుడు లేదు, నిప్పురవ్వ లేదు.
నమ్మకం కుదరలా.
ఎవరూ చూడకుండా రెండు కొసలూ నాలుక మీద పెట్టుకున్నా.
చింతాకు పులుపు.
చిన్నప్పుడు టార్చిలైటు సెల్లు నాకిన పులుపు.
మా నాయన్ని తీసకపోయిందీ ఇదీ
ఒకే ఇంటిపేరోళ్లంటే ఎట్ల నమ్మేది?

పన్నెండో పొద్దున ఇనుము తెల్లబడింది.
గోటితో గీకినా, రాల్లేదు.
ఓరి నీ, ఇది నాకు తెలుసు!
మా బోరునీళ్ల బకెట్టు అంచున పేరుకునే సున్నం,
హీటరు కాయిలుకి పట్టే పెచ్చు,
సుబ్బరత్న చింతపండేసి తోమి తోమి
ఈ ఊరి నీళ్లని తిట్టే తిట్టు.
నవనీతకి చెప్తే పడీ పడీ నవ్వి
"అదేనన్నా, అదే. దాని మీదే
విరిగిన పగడం ముక్కల్ని కడతాం.
పునాది మనమేసిస్తే
ఆ సత్తువ బతకడానికి పెట్టుకుంటాయి."

ఆ రాత్రి గాలివానకి లైను పోయింది.
పండుకున్నా గాని కన్ను మూత పడలా.
లేచిపోయి, జిలానీవాళ్ల మామ ఆటోలో బ్యాటరీ విప్పుకొచ్చి,
పన్నెండుని సగం చెయ్యను మధ్యలో ఒక బల్బు తగిలించి,
తొట్టి పక్కనే గోనెపట్ట మీద కూసున్నా.
అందులో ప్రాణమున్నది ఒక్కటీ లేదు.
ఉత్త ఇనుము, ఉప్పు నీళ్లు.
అయినా తెల్లారేదాకా బుడగల్నే చూస్తా ఉండా.

తొమ్మిది గుమ్మటాలు లారీలో మండపం పోయినాయి,
సుబ్బరత్న పాత చీరల మడతల మధ్య.
నాలుగు వేలు బాకీ ఇంకా రాలేదు.
మొన్న ఫోనుకి ఒక ఫోటో వచ్చింది:
పచ్చటి మసక, ఏదో చారల చేప,
సున్నం పట్టిన చువ్వ మీద
గోధుమరంగు మొగ్గలు, నువ్వుగింజలంత.
వేళ్లతో లాగి లాగి పెద్దది చేసి చూసినా.
మూలన ఒక అతుకు, కొంచెం వంకర.
జిలానీ వేసింది. ఆ రోజు వాణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టినా.

వాడికింకా చూపించలేదు.
గుమ్మంలో బోరు మోటారొకటి దించిపోయినారు,
ఇంకా నీళ్లు కారతా ఉండాది.
వేళ్ల వెనకతట్టుతో
తాకి చూసినా.